ఏడునూట ముప్పై అడుగులు

మా ఇంట్లో ఒక మాట ఉంది. పడిన కష్టం దండగైతే "ఏడునూట ముప్పై" అంటాం. దోసె పెనానికి అంటుకున్నా అదే మాట, పైరు ఎండినా అదే మాట. మా తమ్ముడి చేలో వేసిన బోరు లోతు అది. టెంకాయను అరచేతిలో పెట్టుకుని నీళ్లు చూసే మనిషిని పిలిపించాం. ఆయన చేను చుట్టూ తిరిగాడు, ఒకచోట టెంకాయ లేచి నిలబడింది, అక్కడే వేశాం. ఏడునూట ముప్పై అడుగులు దిగినా తడి తగల్లేదు. తెల్లటి రాతిపొడి మాత్రం లేచి మా నెత్తిన పడింది.

ఆ అంకె వల్ల పోయిన వేసవంతా నేను నోరు కట్టుకుని బతికాను.

మా తమ్ముడి కూతురు, నా మేనకోడలు, పై దేశంలో ఒక పెద్ద ప్రయోగశాలలో పరిశోధన చేస్తుంది. సెలవుకు వచ్చింది. అనంతపురంలో ఆటో తగిలి కాలు విరగ్గొట్టుకుంది. ఆస్పత్రికి దగ్గరని నా ఇంట్లో పడుకోబెట్టారు. తొడ దాకా సిమెంటు కట్టు. నాది రెండు గదుల రేకుల ఇల్లు. కిటికీ తెరిస్తే రోడ్డు దుమ్ము, మూస్తే ఉడుకు. ఆమె మంచం దిగలేదు, నేను ఆమెను వదిలి గడప దాటలేను.

కాలు విరిగినా ఆమె పని ఆగలేదు. ప్రయోగం అక్కడ ముందే ముగిసిందట, లెక్క కట్టడమే మిగిలిందట. ఆ లెక్క మీద కొన్నేళ్ల చదువు ఆధారపడి ఉంది. దిండుకు ఆనుకుని, కంప్యూటరు ఒళ్లో పెట్టుకుని చేసుకునేది. ఏం లెక్క అది అని అడిగాను. నాకు అక్షరాలు నలభై దాటాక రాత్రి బడిలో వచ్చాయి, అంతకు ముందు వచ్చిన విద్య మేకలు కాయడమే. అది ఎరిగిన పిల్ల కనుక మేకతోనే చెప్పింది.

మనమూ, మట్టీ, రాయీ అంతా పదార్థం. దానికి ఎదురు పదార్థం ఇంకొకటి ఉందట. రెండూ తగిలితే రెండూ మిగలవు. మొదట్లో రెండూ సరిసమానంగా పుట్టి ఉంటే ఈ లోకమే మిగలకూడదు. మిగిలింది. ఎందుకో చెప్పగలిగినవాళ్లు లేరు. అందుకని రెంటికీ నడుమ వెంట్రుకవాసి తేడా అయినా ఉందేమోనని వెతుకుతారు. బెలూన్లలో నింపే హీలియం ఉంది కదా, దాని పరమాణువులోకి ఎదురు పదార్థపు కణాన్ని ఒకదాన్ని పంపుతారు. అది వెంటనే నడిమధ్యకు పడి మాయం కావాలి. కొన్ని మాత్రం పడవు. ఎండిన మెట్లబావిలోకి దిగిన మేక నడి మెట్టు మీద చిక్కి, పైకి రాలేక కిందికి దూకలేక తిరుగుతుంది చూడండి, అట్లా తిరుగుతాయి. అదీ రెప్పపాటులో ఎన్నో వేల వంతుల్లో ఒక వంతు సేపు. ఆ కాస్తలోనే లేజరు వెలుగు వేస్తారు. మేక తనను మేపేవాళ్ల కూతకే కదిలినట్టు, అది సరిగ్గా ఒక్క రంగు వెలుగుకే కదిలి కింది మెట్టుకు పడుతుంది. ఆ రంగు ఖచ్చితంగా తెలిస్తే కణం బరువు తెలుస్తుంది. దాన్ని మన వైపు కణం బరువుతో పోలుస్తారు. రెంటికీ వచ్చే తేడాయే జవాబు.

చంపడానికా పిలిచేది అన్నాను. పిలవకున్నా చస్తుంది, పిలిస్తే బరువు చెప్పి చస్తుంది అంది.

లెక్క మొదలుపెట్టే ముందు వాళ్లకొక కట్టుబాటు ఉంది. లెక్క చేసే మనిషికి అసలు జవాబు కనపడకూడదు. సంబంధం లేని మనిషి ఎవరైనా ఒక అంకెను కంప్యూటరులో దాచాలి. అది జవాబులో కలిసిపోతుంది. తప్పులన్నీ ఏరుకుని, ఇక ఏదీ మార్చమని అందరూ ఒప్పుకున్నాకే ఆ అంకెను తీసేస్తారు. చదువుకున్నవాళ్లకు ఈ దాగుడుమూతలు ఎందుకని అడిగితే, ఆ పిల్ల టెంకాయ మనిషిని గుర్తుచేసింది.

"ఆయప్ప దొంగ కాదత్తా. నీళ్లు పడల్లని ఆయప్ప చెయ్యే కోరుకున్యాది. మా నాయనా ఆడే పడల్లని కోరుకున్యాడు. టెంకాయ నిలబడె. నా చెయ్యి ఏమీ కోరకూడదు. అందుకే ఈ గంతలు."

ఆ మాట నాకు బాగా ఎక్కింది. ఆ దేశంలో ఉన్న వాళ్ల ప్రయోగశాల పెద్ద సారు ఫోనులో కనపడి, ఈ పని గురించి ఏమీ తెలియని మనిషి ఇంట్లో ఎవరైనా ఉన్నారా అని అడిగాడట. నాకన్నా తగిన మనిషి దొరకదని చెప్పమన్నాను. కంప్యూటరు నా చేతికిచ్చి ఆమె గోడ వైపు తిరిగింది. మూడంకెలు చాలు, ఊరికే నోటికొచ్చింది కొట్టమంది.

ఊరికే వచ్చే అంకెలు చదువుకున్నవాళ్లకు ఉంటాయేమో. నాకు లేవు. రాత్రి బడిలో, పంతులమ్మ చెప్పకుండా, పలక మీద నా అంతట నేను రాసిన మొదటి పెద్ద అంకె ఏదో అదే నా వేలికి వచ్చింది. కొట్టాను. తెర మీద మూడు చుక్కలు పడ్డాయి. మంచి పని చేశాననుకున్నాను.

సాయంత్రం పప్పు అడుగంటింది. "ఏడు" అని నోరు తెరిచి, అక్కడే ఆగిపోయాను. అప్పుడు తెలిసింది ఏం చేశానో. రెండు కణాలకూ తేడా లేకపోతే, జవాబు చోట కనపడేది నేను కొట్టిన అంకే. మా ఇంట్లో పుట్టిన ఎవరైనా దాన్ని చూడగానే గుర్తుపడతారు.

మార్పించుదామంటే ఎందుకని ఆ పిల్ల అడుగుతుంది. సులువైన అంకె అన్నానంటే చాలు, పట్టేస్తుంది. ఆ పెద్ద సారుకే చెబుదామంటే ఆయన మాట నాకు రాదు, నా మాట ఆయనకు రాదు. చెప్పినా చెడుతుంది, చెప్పకున్నా చెడుతుంది. ఇక ఆ వేసవంతా ఆ మాట ఇంట్లోకి రాకుండా కాపలా కాశాను. ఎండలో రావద్దని తమ్ముడికి ఫోను చేసి చెప్పాను. ఏది చెడినా పెదవి కొరుక్కున్నాను. ఆమె మంచం మీద, నేను మంచం పక్కన, పైన కాలే రేకు.

తమ్ముడు రానే వచ్చాడు. రానని వాడేమీ ఒప్పుకోలేదు కదా. మామిడికాయల సంచి దించి, కూతురి కట్టు మీద తట్టి, వానల గురించి మొదలుపెట్టాడు. చేను గురించి ఎత్తబోతే నేను నీళ్లిచ్చాను. మళ్లీ ఎత్తబోతే భోంచేయమన్నాను. వాడికి విసుగొచ్చింది.

"ఏమక్కా, కట్టు కట్టింది పాప కాలికా, నీ నోటికా?" అన్నాడు. ముద్ద కలుపుతూ, "పోయినేడు చెనక్కాయ ఏడునూట ముప్పై అయిపాయ. ఈసారన్నా చూడల్ల" అన్నాడు.

మేనకోడలి వేళ్లు ఆగాయి. తెర చూసింది. వాళ్ల నాయనను చూసింది. తర్వాత నన్ను చూసింది. నేను చేటలోని కందిపప్పు వైపు వంగిపోయాను. అట్లా వంగకుండా ఉండాల్సింది. కానీ మొహం ఎక్కడ పెట్టుకోవాలి?

తమ్ముడు బస్సుకు పోయాక అడిగింది.

"అత్తా, నువ్వు కొట్టింది అదేనా?"

"నన్నడగొద్దు."

తెరను నా వైపు తిప్పింది. అక్షరాలు కూడబలుక్కోవాలి గానీ అంకెలు నాకు టక్కున వస్తాయి. ఏడునూట ఇరవై ఎనిమిది. రెండు మూడు అటూ ఇటూ పోవచ్చునట.

ఆమె మెల్లగా చెప్పింది. చేయాల్సిన సవరణలు ఇంకా రెండు మిగిలాయి. వాటిలో జవాబును ఏడునూట ముప్పైకి దగ్గర జరిపేది మంచిదిగా తోస్తోంది, దూరం జరిపేది తప్పుగా తోస్తోంది. అంతకు ముందు రోజు దాకా అట్లా తోచలేదు. తెరను తన వైపు తిప్పుకుని, "నాకు తెలిసిందని ఎవురికీ తెల్దు కదత్తా" అంది.

నేను చేట కింద పెట్టాను. "గంతలు జారినంక టెంకాయ పట్టుకోవద్దు పాపా. మనం ఒగసారి తవ్వినాం."

అప్పుడు ఏడ్చింది. నా మీద కోపంతోనే ఏడ్చింది. "ఇన్ని అంకెలుండగా నీకు అదే దొరికిందా?"

"నాకుండేది అదే" అన్నాను.

మరునాడు పెద్ద సారుకు ఫోను చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఆమె చేసిన లెక్కను పక్కన పెట్టారు. అక్కడే పనిచేసే ఇంకో అబ్బాయి, ఎవరితోనో వేరే అంకె దాపించుకుని, మొదటి నుంచి మళ్లీ చేయాలని తేల్చారు. అది ముగిసేదాకా ఈమె అతనితో ఈ సంగతి మాట్లాడకూడదు. అచ్చయ్యే పరిశోధన పేపరులో మొదటి పేరు కూడా అతనిదే ఉంటుందట. ఆ తర్వాత మా ఇద్దరికీ జవాబు తెలిసినట్టే ఉంది, తెలిసిందని అనుకోకూడదు. ఒకే గదిలో ఉండి ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. బావిలో ఒకే మెట్టు మీద రెండు మేకలు.

కట్టు విప్పారు. కర్ర పట్టుకుని వాకిలి దాకా నడవడం నేర్చుకుంటున్న రోజుల్లో ఫోను వచ్చింది. నిలబడే విన్నది. నేను పొయ్యి దగ్గర నుంచి, తేడా ఏమైనా ఉండాదా అని అడిగాను.

"ల్యా అత్తా. ఎంత సన్నంగా చూసినా రెండూ ఒకటే. లోకం ఎందుకు మిగిలిందో ఇంగా తెల్దు." కర్ర గోడకు ఆనించి మంచం మీద కూర్చుంది. ఆ రెండో సవరణ, జవాబును దూరం జరిపేది, ఆ అబ్బాయి ఉంచేశాడట. అదే సరైనదట. "నేనైతే తీసేసేదాన్ని" అంది.

ఆ మాటలు వింటూ పొయ్యి సంగతి మరిచాను. పప్పు అడుగంటి ఇల్లంతా కమురు వాసన కొట్టింది. గిన్నె దించి, బయట రోడ్డు మీద పోయేవాళ్లకు వినపడేటట్టు అన్నాను, ఏడునూట ముప్పై అని.