సెన్సస్ డేట్

ఆఫీసులో మైక్రోవేవ్ ముందు నిలబడి పప్పన్నం వేడిచేసుకుంటున్నాను. నా వెనక ఒకావిడ వాళ్లబ్బాయి గురించి ఎవరితోనో చెబుతోంది. "నయం, సెన్సస్ డేట్ లోపే ఆ సబ్జెక్టు వదిలేశాడు. దాటితే ఫీజూ పోయేది, ఫెయిలూ మిగిలేది." మైక్రోవేవ్ కూత పెట్టి ఆగింది. నేను తలుపు తీయలేదు.

ఆ మాట మూడు వారాల కిందట మా అమ్మాయి నోట విన్నాను. ఫిబ్రవరిలోనే యూనివర్సిటీలో చేరింది. భోజనాల దగ్గర, "అమ్మా, ఫ్రైడే సెన్సస్ డేట్," అంది. జనాభా లెక్కలనుకున్నాను.

"ఫారంలో నాన్న పేరు స్పెల్లింగ్ తప్పు రాయకు," అన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. మా నాన్న బడిపంతులు. లెక్కల డ్యూటీ పడితే ఎండలో ఇల్లిల్లూ తిరిగి తలుపుల మీద సుద్దతో నంబర్లు వేసేవారు. ఒక ముసలావిడ వయసు చెప్పనని తగువేసుకుందట. అదంతా చెప్పుకొచ్చాను. మా ఆయన నవ్వారు, తొమ్మిదో తరగతి చదివే మా చిన్నవాడూ నవ్వాడు. అమ్మాయి పెరుగన్నం కలుపుతూ చివరిదాకా విన్నది. "ఓకే మా," అని కంచం కడిగేసి పైకి వెళ్లిపోయింది.

అది స్కూల్లో ఉన్నప్పుడు పది నిమిషాలు ఆలస్యమైతే నా ఫోనుకి మెసేజ్ వచ్చేది. ఆఫీసులో ఆ మాట విన్న మధ్యాహ్నమే యూనివర్సిటీకి ఫోన్ చేస్తే, విద్యార్థితో తప్ప మాట్లాడలేమన్నారు. చాలా మర్యాదగా చెప్పారు.

సాయంత్రం మా పెండిల్ హిల్ రైల్వే స్టేషన్ దగ్గర కార్లో ఎదురుచూశాను. అది వచ్చి కూర్చోగానే అడిగాను.

"ఏ సబ్జెక్టు?"

దానికి వెంటనే అర్థమైంది. "కెమిస్ట్రీ. డ్రాప్ చెయ్యలేదు మా, డేట్ అయిపోయింది."

నేను బీఎస్సీలో ఇష్టంగా చదివింది అదే. తీసుకోమన్నదీ నేనే.

"మరి ఆ రోజు చెప్పలేదేం?"

"చెప్దామనే వచ్చాను మా. తాతయ్య స్టోరీ చెప్తూ యూ వర్ సో హ్యాపీ."

"మధ్యలో ఆపొచ్చుగా."

"హౌ?"

కారు కదిలాక మిగతాది తనే చెప్పింది. మూడు వారాలుగా ఆ క్లాసుకి వెళ్లడం లేదట. ఆ రెండు గంటలూ రైల్వే ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చుని, నేను కట్టిచ్చిన బాక్సు అక్కడే తినేస్తోందట. ఖాళీ బాక్సు చూసి రోజూ సంబరపడ్డాను.

మర్నాడు పొద్దున దోసెలు వేస్తూ పిల్లలిద్దరికీ చెప్పాను. "ఫెయిలైతే అవనీ. ఆ బెంచీ మీద మాత్రం ఒక్కదానివే కూర్చోకు, నాకు ఫోన్ చెయ్యి. ఇద్దరూ వినండి. తెలియని మాట వచ్చినా నేను తెలిసినట్టే మాట్లాడేస్తాను. అప్పుడు నేను నవ్వుతున్నా సరే, మీ తాతయ్య కథ మధ్యలో ఉన్నా సరే, 'అమ్మా, అది కాదు' అని ఆపండి."