పొందూరు పాప ఎడమ కన్ను

కుంచె కొసను సిరాలో తడిపి, ఫోటోలో పాప ఎడమ కంట్లో ఉన్న తెల్లచుక్క మీద ఆనించబోతున్నాను. పక్కనే ఆరుతున్న రెండో ఫోటో మీదికి చూపు పోయింది. అందులోనూ అదే కంట్లో, అదే చోట, అదే తెల్లచుక్క. చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

ఇది పోయిన ఏడాది, 1968లో, కార్తీకం వెళ్ళిన కొత్తలో జరిగింది. ఆమదాలవలసలో రైలు స్టేషనుకి వెళ్ళే రోడ్డు మీద మాది రెండు గదుల ఇల్లు. ముందుగది స్టూడియో. వెనకగదిలో నేనూ, ఆరేళ్ళ సుజాత, నాలుగేళ్ళ బాబ్జీ ఉంటాం. రెంటి మధ్యా, కిటికీకి నల్లగుడ్డ కొట్టిన సామాన్ల కొట్టు మా డార్క్ రూమ్, అంటే ఫిల్ము కడిగి ఫోటోలు వేసే చీకటిగది. పని మా నాన్న దగ్గర నేర్చుకున్నాను. విజయనగరంలో ఆయనకు స్టూడియో ఉండేది. పగలు కాలేజీలో బి.ఏ. చదువుతూ సాయంత్రాలు ఆయన పక్కన నిలబడేదాన్ని. ఆయన పోయాక కెమెరా నాకు మిగిలింది. మా వారు సైన్యంలో ఉన్నారు, అస్సాంలో. ఏడాదికోసారి వస్తారు. ఆడమనిషి ఫోటోలు తీయడమేమిటని నవ్వినవాళ్ళే, తర్వాత తర్వాత తమ ఇంటి ఆడవాళ్ళను ధీమాగా నా దగ్గరికి పంపడం మొదలుపెట్టారు.

తెల్లచుక్కలు మా పనిలో రోజూ ఉండేవే. నెగెటివ్ మీద దుమ్ము కణం పడితే ఆ మేర కాగితానికి వెలుతురు తగలదు, ఫోటోలో అక్కడ తెల్లగా మిగిలిపోతుంది. సన్నటి కుంచెతో పలచటి సిరా పెట్టి దాన్ని కప్పేస్తాం. దీన్ని స్పాటింగ్ అంటారు. చేతికి అలవాటైన పని, మనసు పెట్టక్కర్లేదు. కానీ దుమ్ము రెండు వేరువేరు నెగెటివ్‌ల మీద ఒకే కంటిని వెతుక్కుంటూ వచ్చి పడదు. భూతద్దం తీసి చూశాను. ఫ్లాష్ మెరుపే అయితే రెండు కళ్ళలోనూ సూదిమొనంత కనపడాలి. కుడికంట్లో అలాగే ఉంది. ఎడమ కంట్లో మాత్రం నల్లగా ఉండాల్సిన చోటంతా పాలచుక్కలా ఉంది.

ఆ పాప పేరు గౌరి. ఏడాదిన్నర పిల్ల. తండ్రి సింహాచలం ఖరగ్‌పూర్ రైల్వే కార్ఖానాలో పని చేస్తాడు. దీపావళికి ముందు సెలవు అయిపోయి వెళ్ళిపోతూ, రైలుకి ఇంకా వేళ ఉందని నా స్టూడియోలోకి వచ్చాడు.

"నా ఆడదాన్నీ మా గౌరిగుంటనీ పోటో తియ్యాలమ్మా. కుర్సీ మీద కూకోబెట్టి, పక్కన పూలకుండీ ఎట్టి తీసీది నాకొద్దు. మా ఇంటికెల్లి తియ్యి. అది నూలు వడుకుతుంటాది, గుంట అడ్డం పడతాది, అది తిడతాది. అద్గదీ నాకు కావాల."

ఇన్నేళ్ళలో నన్ను అలా అడిగిన మగవాడు మరొకడు లేడు. స్టూడియోకి వచ్చే జంటలు కొత్తబట్టలు కట్టుకుని, ఊపిరి బిగబట్టి, ఒకరికొకరు ముక్కూ ముఖం తెలియనివాళ్ళలా నిలబడతారు. ఫోటో అయిపోగానే ఆవిడ అతని చొక్కా కాలరు సరిచేస్తుంది, అతను ఆవిడ చేతిలోంచి బిడ్డను అందుకుంటాడు. ప్రేమంతా అప్పుడు కనిపిస్తుంది. అప్పటికి నేను కెమెరా మూసేసి ఉంటాను.

దీపావళి వెళ్ళిన నెలకి పొందూరులో వాళ్ళ ఇంటికి నేను వెళ్ళేసరికి అతని భార్య నర్సమ్మ అరుగు దాటి లోపల కూర్చుని వాలుగ చేప దవడతో పత్తి దువ్వుతోంది. ఆ దవడ పళ్ళ సన్నదనానికి దూది పొగమంచులా విడిపోతుంది. అక్కడి సన్నఖద్దరుకి అదే మొదటి పని. ఇల్లు చీకటిగా ఉంది కాబట్టి ఫ్లాష్ బల్బు పెట్టాను. ఒక్కసారి భగ్గున వెలిగి, మాడి, గాజంతా పొక్కులెత్తిపోయే బుడ్డి అది. ఫోటోకొకటి ఖర్చవుతుంది.

"నవ్వాలేటమ్మా?" అంది నర్సమ్మ.

"ఏమీ వద్దు. మీ ఆయన ఏం చూడాలనుకుంటాడో అది చేస్తూ ఉండు."

"ఆడు సూడాలనుకునీవన్నీ అత్త ముందర సెయ్యలేను కదా."

"సిగ్గూ శరం లేదు దీనికి," అని అత్తగారు పైడమ్మ తలుపు వెనక నుంచి నవ్వింది. నర్సమ్మ కూడా నవ్వింది. పాప దూది పిడికిట్లో పట్టుకుని తల్లి ఒళ్ళోంచి నా వైపు సూటిగా చూసింది. మీట నొక్కాను. ఇంకో బుడ్డి మార్చి మళ్ళీ నొక్కాను. మాడిన బుడ్డి కోసం పాప చెయ్యి చాపితే, చల్లారాక పైడమ్మ చేతికిచ్చి వచ్చాను. ఆ రోజు నా బల్ల మీద ఉన్నవి ఆ రెండు ఫోటోలే.

మర్నాడు పిల్లల్ని బడికీ పక్కింటికీ పంపి, శ్రీకాకుళంలో ఒక డాక్టరు దగ్గరికి ఆ ఫోటోలు పట్టుకెళ్ళాను. ఆయన చాలాసేపు చూశారు. "ఫోటో చూసి జబ్బు చెప్పకూడదమ్మా. కానీ ఈ పాప మా ఇంటి పిల్ల అయితే ఈ రోజే విశాఖపట్నం కంటి వార్డుకి తీసుకుపోతాను," అన్నారు. అంతకుమించి చెప్పలేదు. అక్కడి నుంచి అటే పొందూరు వెళ్ళాను.

పైడమ్మ ఫోటోను వెలుతురుకి పెట్టి చూసింది. చూస్తూ చూస్తూ ముఖం ముడుచుకుంది.

"ఈ సుక్క ఏటి?"

"అదే నేను అడుగుదామని వచ్చానమ్మా. పాప కంట్లో ఇలా తెల్లగా ఎప్పుడైనా కనిపించిందా?"

"ఎక్కడ కనిపిత్తాది? రోజూ దానికి నీల్లు పోసీదాన్ని నాను. నాకు తెల్దేటి?" గూట్లోంచి నేనిచ్చిన మాడిన బుడ్డి తీసి నా ముందు పెట్టింది. "ఇదిగో, గాజు సూడు ఎలాగ బొబ్బలెక్కిపోయిందో. గాజే కాలిపోతే పసిగుంట కన్ను కాలదేటి? నీ బుడ్డి వచ్చీదాకా నా మనవరాలికి ఏటీ లేదు."

డాక్టరు మాట చెప్పాను. ఆవిడ చెవికెక్కించుకోలేదు. అది కోపం కాదు, భయం. గొంతు తగ్గించి, "నీకు రంగు ఎయ్యడం వచ్చుగదా తల్లీ. ఆ సుక్క మీద నల్లగా పూసీసి నా కొడుక్కి పంపీ. దూరాన ఉన్నోడు, బెంగెట్టుకుంటాడు," అంది.

నర్సమ్మ వైపు చూశాను. తల వంచుకుని పత్తి దువ్వుతూనే ఉంది. పాపను మాత్రం ఒళ్ళోకి లాక్కుంది.

రైల్లో తిరిగి వస్తుంటే పైడమ్మ మాటే చెవిలో తిరిగింది. ఒకవేళ నిజమైతే? ఎంతమంది పిల్లల కళ్ళ ముందు ఆ బుడ్డి వెలిగించాను. నా పిల్లల ముందు ఎన్నిసార్లు వెలిగించాను. నాన్న ఉంటే ఒక్క మాటలో తేల్చేవారు. మా వారికి రాద్దామంటే ఉత్తరం చేరేసరికి పది రోజులు, జవాబుకి ఇంకో పది. ఈ వృత్తిలో ఎవరికీ చెప్పుకోలేని సంగతి ఒకటుంది. ఇతరుల సంసారాలన్నీ ముందుగా మన కళ్ళ పడతాయి. ఎవరు ఎవరి వైపు జరిగి కూర్చున్నారో, ఎవరి చెయ్యి ఎవరి మీద వెయ్యాలని సగంలో ఆగిపోయిందో, ఎర్రదీపం కింద ఫోటో కడిగే మందు పళ్ళెంలో బొమ్మ తేలుతుంటే మొదట చూసేది మనమే. అలా చూసినదాన్ని పక్కకి తిరిగి చెప్పడానికి మాత్రం మనిషుండడు. ఆ రోజు దీపాలు పెట్టాక పిల్లలిద్దర్నీ ఎదురుగా కూర్చోబెట్టి, లాంతరు పట్టుకుని వాళ్ళ కళ్ళలోకి చూశాను. సుజాత నవ్వింది. బాబ్జీ కళ్ళు మూసుకున్నాడు. ఆ ఫోటోలకు సిరా పెట్టలేదు. ఖరగ్‌పూర్‌కి పంపనూ లేదు. ఏం చేయాలో తోచక రెండు రోజులు బల్ల సొరుగులోనే ఉంచాను.

మూడో రోజు నర్సమ్మ ఒక్కతే వచ్చింది. పాప చంకలో ఉంది. నూలు ఇవ్వడానికి వెళ్తున్నానని చెప్పి ప్యాసింజరు ఎక్కిందట. స్టూడియోలో తెర ముందున్న బల్ల మీద కూర్చుని, "తలుపెయ్యమ్మా," అంది. వేశాను.

"నీ బుడ్డి కాదమ్మా. దీపావళినాడే సూసాను. పెమిద ఎత్తి దీని మొకం ముందర పెడితే పిల్లికన్నులాగ మెరిసింది. రెండోనాడూ సూసాను. ఒక్క కన్నే మెరుస్తాది."

"మరి ఆ రోజు మీ అత్తగారి ముందు చెప్పలేదేం?"

"ఏటని సెప్పను? కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం పట్టింది. కదలకుండా పడుకోమంది అత్త. నాను పడుకోనేదు. కత్తిపీట తీసి వంకాయ కోసాను, ఆకలేసి. అది ఆవిడ సూసింది. గుంట పుట్టినాక ఒళ్ళంతా తడిమి సూసి, ఏటీ లేదులే బతికిపోయావు, అంది. ఇప్పుడు కన్ను అంటే ఏటంటాది? ఊరేటంటాది? ఆడేటంటాడు?"

ఆమె ఏడవలేదు. ఏడుపు ఎప్పుడో అయిపోయినట్టుంది. దీపావళి నుంచి ఆ మాటను ఒంటరిగా మోస్తోంది. నూలు వడుకుతూ, నవ్వుతూ, నా కెమెరా ముందు ఛలోక్తి విసురుతూ కూడా దాన్నే మోసింది. అంత దగ్గరగా కెమెరా అద్దంలోంచి చూసిన నాకే కనపడలేదు.

"వంకాయకీ కంటికీ సంబంధం లేదు నర్సమ్మా. నేను చదువుకున్నాను, నా మాట విను. ముందు పాపని చూపించాలి."

"ఆడు రాకుండా అత్త కదలనివ్వదు. నువ్వే తంతి కొట్టమ్మా ఆడికి."

స్టేషనుకి వెళ్ళి తంతి కొట్టించాను. పాప కన్ను ఆసుపత్రిలో చూపించాలి, వెంటనే రావాలి అని రాయించి, కింద నర్సమ్మ పేరు పెట్టించాను.

సింహాచలం వచ్చాడు. ముందు ఇంటికి వెళ్ళాడు. ఆ మధ్యాహ్నమే నలుగురూ కలిసి నా స్టూడియోకి వచ్చారు. పైడమ్మ చేతిలో మాడిన బుడ్డి ఉంది. ఆవిడ గొంతుకి రోడ్డు మీద పోయేవాళ్ళు కూడా గుమ్మం దగ్గర ఆగారు.

"అడగరా దీన్ని. బంగారంలాంటి గుంట కన్ను కాల్చీసింది. అడుగు."

సింహాచలం నన్ను తిట్టలేదు. "నిజమేనేటమ్మా?" అన్నాడు మెల్లగా. ఆ మెల్లదనానికి నాకు ఎక్కువ భయం వేసింది. గుమ్మంలో ఉన్న ముఖాలన్నీ నాకు తెలిసినవే. వాళ్ళందరి పెళ్ళిళ్ళకీ బారసాలలకీ ఫోటోలు తీశాను. ఒక్కరూ గుమ్మం దాటి నా పక్కకి రాలేదు. నర్సమ్మ నాకు చెప్పిన మాట నేను బయటపెడితే నా వరకు తేలిపోతుంది. కానీ అది నా నోటి నుంచి రావలసిన మాట కాదు. వెనకగది తలుపు సందులోంచి నా పిల్లలు చూస్తున్నారు. "డాక్టరుకి చూపించండి. ఆయన నావల్లే అంటే అప్పుడు అడగండి," అన్నాను.

"డాటర్లకేటి తెలుస్తాది," అంది పైడమ్మ.

"బుడ్డి ఎలగకముందే సూసానత్తా," అంది నర్సమ్మ.

పైడమ్మ వెనక్కి తిరిగింది.

"దీపావళినాడు సూసాను. నీకు బయపడి సెప్పనేదు. గ్రహణం నాడు వంకాయ కోసానని నువ్వంటావని." తర్వాత మొగుడి వైపు తిరిగింది. "తప్పు నాదే అనుకో. నన్ను తరవాత కొట్టుకో, తిట్టుకో. ముందు గుంటని అట్టుకెల్దాం, రా."

పైడమ్మ చేతిలోని బుడ్డి వైపు చూసుకుంది. చివరికి దాన్ని నా బల్ల మీద పెట్టేసి, పాపను చంకనెత్తుకుని, "రైలెన్ని గంటలకిరా?" అంది. సింహాచలం నర్సమ్మ చేతిలోని మూట అందుకున్నాడు. నలుగురూ అటు నుంచి అటే స్టేషనుకి వెళ్ళారు.

కంట్లో గడ్డ ఉందని విశాఖపట్నంలో తేల్చారట. కన్ను తీసేస్తే తప్ప పిల్ల దక్కదని చెప్పి తీసేశారట. ఇంకొంతకాలం ఆగితే లోపలికి పాకి, తీసినా ప్రయోజనం ఉండేది కాదన్నారట. ఇదంతా సింహాచలమే నాకు చెప్పాడు, ఈ మాఘంలో, ఇవాళే, ఖరగ్‌పూర్ తిరిగి వెళ్తూ ముగ్గుర్నీ వెంటబెట్టుకుని వచ్చినప్పుడు. ఇప్పుడు అందరూ కలిసి ఫోటో కావాలన్నాడు.

ముఖంలో లోపం ఉంటే బాగున్న పక్కని కెమెరా వైపు తిప్పించడం మా వృత్తిలో మొదటి పాఠం. అలవాటుగా వెళ్ళి గౌరి గడ్డం పట్టుకుని పక్కకి తిప్పబోయాను.

"తిప్పకమ్మా," అంది నర్సమ్మ. "ఇలాగే సూస్తాది అది నన్ను."

పైడమ్మ నా ముఖంలోకి చూడలేక నేల చూస్తోంది. "నువ్వు కూడా సూటిగా సూడత్తా, పోటో పాడైపోతాది," అని కోడలు గదమాయిస్తే తల ఎత్తింది. ఫ్లాష్ వెలిగించాను. ఎవరూ కళ్ళు మూయలేదు.

వాళ్ళు రైలుకి వెళ్ళిపోయాక గది బోసిపోయింది. సుజాత వచ్చి, "అమ్మా, ఆ పాప కన్నేది?" అంది. "వెళ్ళి ఆడుకో," అన్నాను. ఇప్పుడు పిల్లలు నిద్రపోతుంటే ఇది రాస్తూ కూర్చున్నప్పుడు అర్థమవుతోంది. ఆ కన్ను పోవడానికి గ్రహణం కారణం కాదు, బుడ్డీ కాదు. ఆలస్యానికి మాత్రం కారణం ఉంది. చూసిన తల్లికి చెప్పే చోటు లేదు. ఇంత వరకు రాసి కాగితాలు మూసేశాను. మిగిలింది తెల్లవారాక చేర్చాను.

పొద్దున బాబ్జీకి తల దువ్వుతుంటే చెవి వెనక బొప్పి తగిలింది. ఏమిటని అడిగితే వాడు అక్క వైపు చూశాడు. అక్క నేల వైపు చూసింది. ఎక్కవద్దన్న స్టూలు ఎక్కి పడి ఉంటాడు. "ఎవరు ఎక్కమన్నారు?" అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. దువ్వెన పక్కన పెట్టి ఇద్దర్నీ ఎదురుగా కూర్చోబెట్టాను.

"నిన్న వచ్చిన పాపకి కంట్లో జబ్బు చేసింది. డాక్టర్లు ఆ కన్ను తీసేసి పాపని బతికించారు. మళ్ళీ వస్తే దాంతో ఆడుకోండి," అని చెప్పాను. "మీకు దెబ్బ తగిలినా, నొప్పి పుట్టినా, ఏదైనా తేడాగా కనిపించినా వెంటనే నాకు చెప్పండి. ఎవరి తప్పని నేను అడగను."