నత్తలను తిన్న చదును పురుగు

తొమ్మిది నత్తలు, రెండు ఆల్చిప్పలు. అమీర్‌పేటలో పెంచుకునే సముద్రపు చేపలు అమ్మే భాయ్ దుకాణంలో, పెద్ద తొట్టిలోంచి ఆ వానాకాలం పోయినవి ఇవి. చేప ఒక్కటీ చావలేదు. ఆ వీధి దుకాణాల లెక్కలు చూసేది నేనే కాబట్టి ఈ లెక్కా నా దగ్గరికే వచ్చింది.

సముద్రం లేని ఊళ్లో నీళ్లలో ఉప్పు కలిపి సముద్రాన్ని చేసుకోవాలి. అందుకని తొట్టిలో ఏది చచ్చినా అనుమానం ముందు ఉప్పు మీదికే పోతుంది. ఉప్పు కలిపేది భాయ్ భార్య, మా వీధికంతా భాభీ. భాయ్ ఆ పని ఆమె చేతినుంచి తీసేశాడు.

"మా ఆమె చెయ్యి మస్తు బరువు సార్. జర లెక్క చూడున్రి."

"ఇరవై ఏండ్ల సంది కూరల ఉప్పు నేనే ఏస్తున్న. నువ్వేం సచ్చినవా?" అంది ఆమె.

లీటరుకు ముప్ఫై అయిదు గ్రాముల చొప్పున లెక్క కట్టాను. ఆవిరైన నీటికి బదులు ఆమె మంచినీళ్లే పోసేది. నీరు ఆవిరవుతుంది గాని ఉప్పు కాదని ఆమెకు తెలుసు. కొలిచి చూస్తే ఉప్పు సరిగ్గానే ఉంది.

అప్పుడు చిప్పలు చూశాను. కుళ్లిన వాసన లేదు, లోపల తుడిచినట్టు ఖాళీ. రాళ్లు ఒక్కొక్కటే ఎత్తాం. సముద్రం నుంచి తెచ్చిన ఒక రాతి అడుగున అంటుకుని ఉంది, అరచేతిలో సగమంత చదును పురుగు. తమలపాకంత పలుచన, అంచులు చీర కుచ్చిళ్లలా కదులుతున్నాయి. ముందువైపు చుక్కల్లా కళ్లు. నోరు తలకు లేదు, పొట్ట మధ్యన ఉంది. అందులోంచి ముడతల గొట్టం చాచి నత్తను గుల్లలోనే తినేస్తుంది. మిగిలిన చెత్తా ఆ నోటినుంచే బయటికి. గుండె లేదు, మొప్పలు లేవు, ఒంటితోనే ఊపిరి. పలుచగా లేకపోతే బతకలేదు పాపం.

"మంచినీళ్లల్ల ఏస్తా, ఖతం," అన్నాడు భాయ్.

"ఆకలైంది, తిన్నది. నన్ను నమ్మకపోతివి, దాన్నన్న బతకనియ్యి," అంది భాభీ.

ఇప్పుడది భాభీ పెట్టిన వేరే గాజు డబ్బాలో, ఒక రాతి చాటున ఉంది. వారానికో నత్త దాని వాటా. ఉప్పు సంచి మర్నాడే ఆమె దగ్గరికి చేరింది. భాయే తెచ్చి పెట్టాడు.

పోయిన పదకొండింటికీ లెక్క తేలింది. ఆమెకు ఆయన చెప్పవలసిన మాట ఒకటి. అది ఇవాళ్టికీ బాకీయే.