వద్దు అనే ఫోల్డరు

నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేయండి. మధ్యలో నవ్వితే నేను లేచి వెళ్ళిపోతాను. ఇది ఎవరో చెప్పింది కాదు, ఎక్కడో చదివింది కాదు. నా స్టూడియోలో, నా కుర్చీలో కూర్చుని, నా కళ్ళతో చూసింది. పక్కన ఇంకో మనిషి కూడా ఉంది. ఆమె చూసింది ఒకటి, నేను చూసింది ఒకటి… అదే నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వడం లేదు.

గిద్దలూరులో నాది ఫొటో స్టూడియో అని మీకు తెలుసు. కింద స్టూడియో, పైన ఇల్లు. పద్నాలుగేళ్ళుగా పెళ్ళిళ్ళు తీస్తున్నాను. కంభం, రాచర్ల, వెలిగండ్ల, మార్కాపురం… ఎవరు పిలిస్తే అక్కడికి. నాకు కోపం ఎక్కువని కూడా మీకు తెలుసు. ఉంటుంది మరి. తాళి కట్టేది ఒక్క క్షణం. సరిగ్గా ఆ క్షణానికే ఎవరో ఒకరు అడ్డం వస్తారు.

ఆ సాయంత్రం సువార్తమ్మ అని ఒకామె వచ్చింది. రాచర్ల దగ్గర పల్లె. కూలికి పోయే మనిషి, ముప్పై ఏళ్ళుంటాయి. వాళ్ళక్క కరుణమ్మ జ్వరంతో చనిపోయి పది రోజులైందట. మర్నాడు పొద్దున చర్చిలో ఆదరణ కూడిక. బల్ల మీద పెట్టడానికి ఫొటో కావాలి. అక్క ఆధార్ కార్డు తీసి నా చేతిలో పెట్టింది.

స్కాన్ చేసి పెద్దది చేశాను. ముక్కు ఎక్కడో, కళ్ళు ఎక్కడో తెలియదు. నల్లటి మరక. సువార్తమ్మ చాలాసేపు చూసింది.

"ఈమె మా అక్క గాదన్నా," అంది.

"ఇంకో ఫొటో లేదా?"

"లేదు. నా ఫోన్లో దిగమంటే కొంగడ్డం పెట్టుకునేది. నన్నెవరు చూస్తారు పో అనేది." కార్డు తిరిగి తీసుకుంటూ అంది. "మీ కాడ ఉంటాదని వచ్చినా. మా అక్క క్యాటరింగోళ్ళతో పోయేది. ఎంగిలాకులెత్తే పని. మీరు తీసిన పెండ్లిళ్ళకు శానా పోయింది. ఆ ఫొటో అన్నను ఎరుగుదును అని మాకు చెప్పేది."

నేను తల తెర వైపు తిప్పుకున్నాను. ఎందుకంటే ఆమె నన్ను ఎరుగును అంటే… ఎట్లా ఎరుగునో నాకు తెలుసు. ఆకులెత్తే ఆడవాళ్ళతో నేను ఈ పద్నాలుగేళ్ళలో మాట్లాడింది ఒకే ఒక్క మాట. పక్కకి జరుగమ్మా, ఫ్రేములోకి వస్తున్నావ్. అంతే. పేరు అడిగింది లేదు, ముఖం చూసింది లేదు. జరిగినా భుజమో, బకెట్టో పడుతూనే ఉంటుంది. అట్లాంటి ఫొటోలు ఆల్బమ్‌కి పోవు. వాటికి ప్రతి పెళ్ళి ఫోల్డరు లోపలా ఇంకో ఫోల్డరు పెడతాను. దాని పేరు వద్దు.

హార్డ్ డిస్కులో సంవత్సరానికి ఒక ఫోల్డరు. దాని లోపల ఊరు. ఊరి లోపల పెళ్ళివాళ్ళ పేరు. ఆ లోపల కెమెరా ఒకటి, కెమెరా రెండు. ఆ లోపల మెమరీ కార్డు. అన్నిటికంటే లోపల, వద్దు. ఇన్నీ ఒక్కొక్కటే తెరుచుకుంటూ పోతే ఒక రాత్రి కాదు, నెల పడుతుంది. అన్నీ ఒకే ఫోల్డరులో పడితే కీబోర్డు మీద బాణం మీట నొక్కి పట్టుకుని గబగబా తిప్పేయొచ్చు. సువార్తమ్మ చూస్తూ ఉంటుంది, అక్క కనపడగానే ఆపమంటుంది. అదీ నా ఆలోచన.

అప్పటికే ఆమె ఊరికి ఆఖరి ఆటో వెళ్ళిపోయింది. మా ఆవిడ కిందికి వచ్చింది.

"ఏందయ్యా, ఆ అమ్మిని ముందు అన్నం తిననీ," అంది.

"ఫొటో దొరికినాక తింటా వదినా," అంది సువార్తమ్మ. ఆ మాట నెమ్మదిగానే అంది. కానీ కదల్లేదు. మా ఆవిడ ఇద్దరికీ గిన్నెలో పెట్టి, మూతపెట్టి పైకి వెళ్ళింది.

నోట్‌ప్యాడ్ తెరిచి నాలుగు లైన్ల స్క్రిప్టు రాశాను. ఈ పెద్ద ఫోల్డరులోకి దిగు. దాని లోపల ఎన్ని ఫోల్డర్లుంటే అన్నింట్లోకీ దిగు. ఫొటో కనిపిస్తే తెచ్చి 'అన్నీ' అనే ఫోల్డరులో పడెయ్. కాపీ చేయడానికి డిస్కులో చోటు లేదు. అందుకని కాపీ కాదు… మూవ్, అంటే ఉన్నచోటు నుంచి తీసేసి తేవడమే.

నడిపించాను. పది సెకన్లు నడిచి ఆగింది. ఏదో అడుగుతోంది. అవునని కొట్టాను. మళ్ళీ ఆగింది. మళ్ళీ అడిగింది. నాకు చిర్రెత్తింది. ఏమడుగుతోందో చదవలేదు. ఇంక నన్నేమీ అడక్కుండా పని చేసుకో అని ఇంకో అక్షరం చేర్చి మళ్ళీ నడిపించాను. నా కోపం నా కొంప ముంచింది అక్కడే.

నల్ల తెర మీద తెల్ల లైన్లు పరుగెత్తాయి. డిస్కు నుంచి చప్పుడు. గిర్‌ర్… టిక్. గిర్‌ర్… టిక్. ఒక్కో లైనూ ఒక ఫొటో. సంవత్సరం, ఊరు, పేరు. కంభం పోయింది. వెలిగండ్ల పోయింది. రోడ్డు మీద లారీలు కూడా తగ్గాయి. సువార్తమ్మ స్టూలు మీద ముందుకు వంగి కూర్చుంది. పదో తరగతి దాకా చదివిందట, ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటోంది.

"అన్నా… అన్నిటికీ చివర వద్దు అనే వస్తాంది. వద్దు అని రాసినావేంది?"

చూశాను. నిజమే. పరుగెత్తే లైన్లన్నిటి చివరా వద్దు, వద్దు, వద్దు. మంచి ఫొటోలు కూడా వస్తుండాలి కదా. అవి కనపడటం లేదు.

"పనికిరానివమ్మా. కళ్ళు మూసుకున్నవి, మసకగా వచ్చినవి," అన్నాను. మిగతాది చెప్పలేదు. సిగ్గేసింది.

గిర్‌ర్… టిక్. గిర్‌ర్…

ఆగింది.

అయిపోయింది. ఫోల్డరు తెరిచాను. కింద ఎన్ని ఫొటోలో అంకె ఉంటుంది కదా… దాన్ని రెండుసార్లు చదివాను. అరవై వేల పైచిలుకు ఉండాలి. పది వేలు కూడా లేవు.

అప్పుడర్థమైంది అది ఏమడిగిందో. కెమెరా ఫొటోకి అంకెతో పేరు పెడుతుంది. తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది దాకా పోయి, మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెడుతుంది. వేరువేరు ఫోల్డర్లలో ఉన్నన్నాళ్ళూ ఒకే పేరున్న ఫొటోలు ఆరేడుండేవి, గొడవ లేదు. ఒకే చోటికి వచ్చేసరికి… ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. ఇదే పేరుతో ముందే ఒకటి ఉంది, దాన్ని చెరిపెయ్యమంటావా అని అది అడిగింది. నేను చెరిపెయ్యమన్నాను. మళ్ళీ అడగొద్దని కూడా చెప్పాను.

పద్నాలుగేళ్ళ పెళ్ళిళ్ళు. పోయాయి. కానీ నాకు ఆ నిమిషంలో పెళ్ళిళ్ళు గుర్తుకు రాలేదు. కరుణమ్మ ఎక్కడో ఒక్క ఫొటోలో ఉండి ఉంటే… అది పోయినవాటిలో ఉంటే… ఈమెకి ఏం చెప్పాలి? లోకంలో ఉన్న ఆ ఒక్క ఫొటో ఇప్పుడు నా చేత్తో చెరిపేశానని చెప్పాలా?

చెప్పలేదు. నీళ్ళు తాగి మొదటి ఫొటో తెరిచాను.

కంభంలో ఏదో పెళ్ళి. వెనక మూలన ఒక ఆడమనిషి వీపు. నీలం బకెట్టు.

"అక్క," అంది సువార్తమ్మ.

"వీపు చూసి ఎట్లా చెబుతావు?"

"నేను వేసిన జడ గదన్నా."

బాణం నొక్కాను. రెండోది. ఊరు వేరు, పెళ్ళికూతురు వేరు. వెనక అదే వీపు.

"అక్క."

మూడు. నాలుగు. పది. లెక్క ప్రకారం చివరగా వచ్చినవే మిగలాలి. అంటే నిరుటి పెళ్ళిళ్ళు. కానీ ఇవి అన్ని సంవత్సరాలవీ కలగలిసి ఉన్నాయి. పాత కెమెరావి, కొత్త కెమెరావి. ప్రతిదాంట్లోనూ ఆమె ఉంది. సరే, వద్దు ఫోల్డరులోవే మిగిలాయి, అందుకే పనివాళ్ళు కనపడుతున్నారు… అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. బాణం మీట నొక్కి పట్టుకున్నాను.

ఫొటోలు పరుగెత్తాయి. పందిళ్ళు మారుతున్నాయి. చీరలు, షామియానాలు, పూలదండలు, నవ్వే ముఖాలు… అన్నీ మారిపోతున్నాయి. కళ్ళు లాగుతున్నాయి. మారనిది ఒక్కటే, వెనక నిలబడ్డ మనిషి.

కాదు… మారుతోంది.

ముందు నాకు తెలియలేదు. వెయ్యి దాటాక అనిపించింది. వీపు కాస్త వాలుగా ఉంది. రెండు వేలు దాటాక చెవి కనపడింది. చిన్న దుద్దు. నేను మీట వదిలేశాను. నాలుగు ఫొటోలు వెనక్కి వెళ్ళాను. మళ్ళీ ముందుకి. పెళ్ళివాళ్ళను గుర్తుపట్టాను, ఒకటి వెలిగండ్ల, ఒకటి మార్కాపురం. మధ్యలో ఆరేళ్ళు తేడా. ఆమె తల మాత్రం దీనికంటే దాంట్లో ఒక వెంట్రుకవాసి ఎక్కువ తిరిగి ఉంది.

ఎవరో పిలిస్తే నెమ్మదిగా వెనక్కి తిరుగుతారు కదా… అట్లా.

ఏ పెళ్ళికి ఆ పెళ్ళి తీసిన ఫొటోలవి. విడివిడిగా, లోపల్లోపల, పద్నాలుగేళ్ళు వేరువేరుగా పడున్నాయి. ఒక వరసలో పెడితేనే ఆ తిరగడం కనపడుతుంది. ఇంతకు ముందు ఎవరూ వాటిని వరసలో పెట్టలేదు.

"ఆపేద్దామా?" అన్నాను.

"ఎందుకన్నా? తిరుగుతాంది గదా," అంది సువార్తమ్మ. ఆమెకు భయం లేదు. కళ్ళ నిండా నీళ్ళున్నాయి. భయం మాత్రం లేదు.

నొక్కాను. నాలుగు వేలు… చెంప. ఆరు వేలు… ముక్కు కొస. ఎనిమిది వేలు. ఒక కన్ను. అది ఇంకా నన్ను చూడటం లేదు. పెళ్ళికూతురు వైపు చూస్తోంది. తొమ్మిది వేలు.

చివరి పది ఫొటోలూ ఒక్కొక్కటే నొక్కాను. నొక్కినప్పుడల్లా మీట చప్పుడు గదిలో పెద్దగా వినపడింది. టక్… టక్… చివరిదానికి ముందు ఆగిపోయాను. చెయ్యి రాలేదు.

సువార్తమ్మ లేచి వచ్చి, తనే నొక్కింది.

తెర నిండా ముఖం. పెళ్ళికొడుకు లేడు, పెళ్ళికూతురు లేదు. వెనక మసకగా పూల అలంకరణ. సూటిగా కెమెరాలోకి… నాలోకి చూస్తోంది. ఎర్రబడ్డ కళ్ళు. బిగబట్టిన పెదాలు. అంత కోపంగా నా వంక ఎవరూ చూడలేదు. నేను కుర్చీ వెనక్కి నెట్టేశాను.

"నవ్వుతాంది," అంది సువార్తమ్మ. "సూడన్నా, మా అక్క ఎంత బాగ నవ్వుతాందో."

ఆమె వంక చూశాను. ఆమె కూడా నవ్వుతోంది. తెర మీద ఉన్నది అదే ఫొటో. ఇద్దరం ఒకేసారి చూస్తున్నాం.

అది ఏ పెళ్ళిదో తెలుసుకుందామని చూశాను. ఎట్లా తెలుస్తుంది? సంవత్సరం, ఊరు, పేరు… ఫోల్డర్లతోనే పోయాయి. తేదీ చూస్తే, నా రెండో కెమెరాకి బ్యాటరీ తీసినప్పుడల్లా వచ్చే పిచ్చి తేదీ ఉంది. తీసింది నేనే అయ్యుండాలి. కానీ ఒక మనిషి నన్ను అట్లా చూస్తుంటే కెమెరా మీట నొక్కి, ఆ సంగతే మర్చిపోతానా?

అప్పటికప్పుడు ప్రింటు తీసి ఫ్రేములో పెట్టాను. నా కళ్ళు పక్కకి తిప్పుకునే పెట్టాను. సువార్తమ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకుని చల్లారిన అన్నం అంతా తింది. నాకు సయించలేదు.

పొద్దున నేనే బండి మీద వాళ్ళ ఊరికి తీసుకెళ్ళాను. చర్చిలో బల్ల మీద పెట్టారు. వచ్చినవాళ్ళందరూ దగ్గరికి వెళ్ళి చూశారు. ఎంత నవ్వుముఖమో అన్నారు. నేను చూశాను. మళ్ళీ చూశాను. నాకు నవ్వు కనపడలేదు. అందరూ ప్రార్థనలో కళ్ళు మూసుకున్నప్పుడు నేను మాత్రం తెరిచే ఉన్నాను. ఆమె కూడా.

ఇక్కడితో అయిపోతే మీకు చెప్పేవాణ్ణి కాదు. రాత్రి అలసిపోయి ఉన్నాను, మనసులో తప్పు చేసిన భావం ఉంది, అందుకే అట్లా కనపడింది అనుకుని వదిలేసేవాణ్ణి. మొన్న ఆదివారం సువార్తమ్మ ఫోను చేసింది.

"అన్నా, ఒకటి అడుగుతా. ఫొటోలో అక్క చెవి ముందు కనపడేదా?"

"ఏ చెవి?"

"దుద్దు కనపడతాంది ఇప్పుడు. ముందు సూటిగా సూస్తాండె గదా. ఇప్పుడు రవ్వంత పక్కకు తిరిగినట్టుంది."

ఫోనులో వాళ్ళ మేకల అరుపు వినపడుతోంది.

"మళ్ళీ పనికి పోతాందేమో అన్నా," అంది. ఏడుపు ఆపుకుంటోందని తెలిసిపోతోంది. "పూర్తిగా తిరిగేలోపు ఇంకోటి తీసిస్తావా? ఇంకొన్నాళ్ళు సూసుకుంటా."

తీసిస్తానన్నాను. ఇంకో ప్రింటు కావాలంటే ఆ డిస్కు పెట్టాలి, ఆ ఫోల్డరు తెరవాలి, చివరి ఫొటో నొక్కాలి. ఆమె ఎటు తిరిగి ఉందో అప్పుడు నాకు తెలిసిపోతుంది. ఫోను వచ్చి ఐదు రోజులైంది. రోజూ కంప్యూటర్ ముందు కూర్చుంటున్నాను. ఇంకా తెరవలేదు.