కనుబొమలు లేని పెళ్లికొడుకు

అరవయ్యో దశకం మొదట్లో నేను బెంగళూరులో ఒక సైన్సు కాలేజీలో పరిశోధన చేసేవాణ్ణి. మూసిన గదిలో మంట ఎలా నడుచుకుంటుందో కనిపెట్టడం మా పని. అందుకోసం కాలేజీ వెనక ఇటుకలతో ఒక చిన్న గది కట్టి, కట్టెలు పేర్చి తగలబెట్టేవాళ్లం.

ఒకరోజు సాయంత్రం ఆ ఊళ్లోనే చిక్కపేటలో నాకు పెళ్లిచూపులు. మధ్యాహ్నం మంట పెట్టి తలుపు మూశాం. ఎంతసేపటికీ గది చల్లారలేదు, నా కాలు ఒకచోట నిలవలేదు. చివరికి ఆ గది కిటికీ అద్దంలో వెలుగు కనబడడం మానేసింది. అనంతపురం వైపు నుంచి వచ్చిన మా ప్రొఫెసరు, "ఆరిపోయిండాది లేప్పా, తలుపు తీసి చూసి నువ్వు బయల్దేరు," అన్నారు.

తీశాను. లోపలి నుంచి మంట బుస్సుమని ముఖం మీదికి దూకింది. వెనక్కి పడ్డాను. కళ్లు దక్కాయి, కనుబొమలు దక్కలేదు.

ఎర్రబడ్డ ముఖంతోనే చిక్కపేట వెళ్లి, కనుబొమలు లేని బొమ్మలా కూర్చున్నాను. పెళ్లికూతురి మేనత్త కాఫీ ఇస్తూ, "ఏమప్పా, నీకు కనుబొమలు పుట్టినప్పట్నుంచీ లేవా?" అంది. అందరూ నవ్వారు. సంబంధం ఎలాగూ చెడినట్టేననుకుని, జరిగింది చెప్పేశాను.

అంతవరకు తలవంచుకున్న అమ్మాయి తలెత్తి, "ఆరిపోయిన మంట తలుపు తీస్తే ఎట్ల లేస్తుందండీ?" అని అడిగింది.

"ఆరలేదండీ, గాలి చాలక అణిగి ఉండింది. గాలి తగలగానే లోపలి వేడి పొగే అంటుకుంది," అన్నాను. ఇంకా ఏమేమో చెప్పాను. కాఫీ చల్లారిపోయింది.

నా చదువు గురించి ప్రశ్న అడిగి, జవాబు పూర్తయ్యేదాకా విన్న మొదటి మనిషి ఆమె. అందుకే నేను పెళ్లికి ఒప్పుకున్నాను. ఆ ముఖం చూసి ఆమె ఎందుకు ఒప్పుకుందన్నది మాత్రం ఇంకా పరిశోధనలోనే ఉంది.