థోరా పియర్ట్‌కు చిక్కిన పచ్చ స్పార్

ఆదివారం మధ్యాహ్నం గ్రేవీ గిన్నె ఇంకా బల్ల మీద ఉండగానే థోరా పియర్ట్ బూట్లు తొడుక్కునేది.

"కాస్త పుడింగు తిని వెళ్లు. కొండెక్కడికీ పారిపోదులే," అనేవాడు భర్త నార్మన్.

"కొండ పారిపోదు. లాన్స్ టీస్‌డేల్ నాకన్నా ముందు పోతాడు."

లాన్స్ పక్క లోయవాడు. అతనూ ఆమెలాగే పాత గనుల్లో స్పార్ కోసం తిరిగేవాడు. ఫ్లోరైట్ అనే స్ఫటికపు రాయిని మా వేర్‌డేల్ లోయలో స్పార్ అనే అంటాం. సంత రోజున థోరా అమ్మకానికి పెట్టిన రాళ్లు చూసి అతను "వంటింటి కంకర బాగుంది" అన్నాడట. ఆ మాట ఆమె మరిచిపోలేదు.

బడి వంటింట్లో నేనూ థోరా కలిసి పనిచేసేవాళ్లం. ఆమె నిలబడి తినేది, నడుస్తూ మాట్లాడేది. వాళ్ల నాన్న బతుకంతా స్పార్ గనిలో పనిచేశాడు. గని మూతపడ్డాక కుర్చీని కిటికీ దగ్గరికి లాక్కుని, పోయేదాకా కొండకేసి చూస్తూ కూర్చున్నాడు. "కూర్చోవడం కూడా ఒక జబ్బేనే. మా ఇంట్లో ఉంది అది," అంది నాతో ఒకసారి, గిన్నెలు తోముతూ.

ఒక ఏడాది వానలు తగ్గాక, కొండ సొంతదారులైన ఎస్టేటువాళ్ల అనుమతితో ఆమె వాగు పైనున్న పాత సొరంగంలోకి వెళ్లింది. గోడ పగులు నిండా బంకమట్టి. చెయ్యి దూర్చి తడిమితే వేళ్లకు పదునైన మూలలు తగిలాయి. మట్టి తోడి నీళ్లు పోసి చూసింది. పెద్ద ట్రే అంత పలక, దాని మీద ఒకదానినొకటి ఒరుసుకుంటూ ఘనాకారపు ఆకుపచ్చ స్ఫటికాలు. పలక వెనక రాయి అప్పటికే బీటలు వారింది. ఉలి పెడితే ఊడివస్తుంది. కానీ కింద పట్టుకోవడానికి ఇంకొకరు లేకపోతే ముక్కలవుతుంది. ఎవరికీ కనపడకుండా మళ్లీ మట్టి మెత్తి ఇంటికొచ్చేసింది.

అప్పటినుంచి ఆమెకు కాలు నిలవలేదు. బడిలో కస్టర్డు మాడ్చింది. కిటికీ బయట వ్యాను చప్పుడైతే గరిటె వదిలేసి పరుగెత్తేది.

"లాన్స్ బండే. పొద్దున వాగు వంతెన మీద ఆగి ఉంది."

"చేపలకేమో," అన్నాను.

"వాడికి చేపంటే పడదు."

"నార్మన్‌ను తీసుకెళ్లరాదూ?"

ఆమె నన్ను వెర్రిదాన్ని చూసినట్టు చూసింది. కుర్రతనంలో నార్మన్ గనిలో చేరాడు. వారం తిరక్కుండానే పైకప్పు రాళ్లు విరిగి దారి మూసుకుపోతే, తవ్వి తీసేదాకా చీకట్లో ఉండిపోయాడు. ఆ తర్వాత పాల లారీ నడుపుకున్నాడు. ఇంట్లో మెట్ల కింది గదిలోకి చీపురు కోసమైనా పోడు.

ఆమె అడగలేదు. శనివారం ఆమె ఉలులు సర్దుతుంటే అతనే కోటు వేసుకున్నాడు.

"ఎక్కడికి?"

"నీతో. నువ్వు పక్కలో పొర్లుతుంటే నాకూ నిద్ర లేదు. ఆ రాయి ఇంటికొస్తే ఇద్దరం పడుకుంటాం."

"నీవల్ల కాదు, నార్మన్."

"కాదని నాకూ తెలుసు. పద."

సొరంగంలో అతను ఒక్క క్షణం నోరు మూయలేదని తర్వాత చెప్పింది. పాల లారీ గురించి, చచ్చిపోయిన కుక్క గురించి, బంగాళాదుంపల గురించి. మాట ఆగితే ఊపిరి ఆగుతుందన్నట్టు మాట్లాడాడు. ఆమె ఉలి మీద చివరి దెబ్బ వేసినప్పుడు కూడా మాట్లాడుతూనే రెండు చేతులూ కింద చాచి పట్టాడు. పలక మొత్తంగా అతని ఒళ్లోకి దిగింది. దుప్పటి చుట్టి ఇద్దరూ బయటికి మోశారు.

గడ్డి మీద దింపేటప్పుడు అతని పట్టు జారింది. పలక మూల ఒక బండకు తగిలి పెద్ద స్ఫటికం ఒకటి విరిగింది. దీపం కింద పచ్చగా కనిపించిన రాయి పగటి వెలుగులో నీలి ఊదాకు తిరిగింది; మా స్పార్ గుణమే అది. థోరా చూపు దాని మీద లేదు, నార్మన్ మీదే ఉంది. అతని మొహం సున్నం కొట్టినట్టు ఉంది.

"విరగ్గొట్టేశాను," అన్నాడు.

"విరిగితే విరిగిందిలే. ఊపిరి తీసుకో ముందు."

ఆ పలక ఇప్పుడు వాళ్ల ముందుగదిలో, రంగు వెలిసిపోకుండా ఎండ పడని మూల ఉంది. ఎవరొచ్చినా నార్మన్ విరిగిన చోటే ముందు చూపిస్తాడు. ఆఖరికి లాన్స్‌కు కూడా. లాన్స్ టోపీ తీసి చాలాసేపు చూసి, "ఏ సొరంగం?" అని అడిగాడట. ఇద్దరూ చెప్పలేదు.

ఇద్దరం పడుకుంటామన్న మాట ఒక్క వారమే నిలిచింది. పలక ఊడిన చోట వెనక మరో పగులు ఉందట, అందులోనూ మట్టేనట. ఆమె మళ్లీ వెళ్తోంది. నార్మన్ లోపలికి మాత్రం పోడు. సొరంగం వాకిట్లో ఫ్లాస్కూ అల్లం కేకూ పెట్టుకుని, అటూ ఇటూ తిరుగుతూ ఉండుండి కేక వేస్తాడు.

"బతికే ఉన్నావా?"

"ఉన్నాను. పని చేసుకోనిస్తావా లేదా?"

కాస్త కేకు కొరికి మళ్లీ పిలుస్తాడు.