సంత రోజు మంచు

టైడా స్టేషన్ దాటగానే కిటికీలోంచి మంచు లోపలికి వచ్చింది. తడి ఆకుల వాసన, అందులో కాస్త కట్టెల పొగ. పిల్లాణ్ణి ఎత్తుకున్న ఎదుటి సీటావిడ "కిటికీ ఏసీయమ్మా, పిల్లడికి జలుబు సేస్తాది" అంటే వేసేశాను గాని, అప్పటికే సరోజిని టీచరు నా కళ్ళ ముందు మెదిలారు. అరకు కొండల్లో మా ఆడపిల్లల హాస్టలు స్కూల్లో ఆవిడ సైన్సు చెప్పేవారు. విజయనగరం వైపు మనిషి, ఎంత చదివినా యాస వదల్లేదు. రెండేళ్ళలో బదిలీ చేయించుకుని కొండ దిగిపోతారనుకున్నాం. రిటైరయ్యే దాకా కదల్లేదు. ఇప్పుడు ఆ స్కూల్లో ఆవిడ ఫోటో పెడుతున్నారంటే వెళుతున్నాను.

ఆవిడకో పిచ్చి ఉండేది. రోజూ పొద్దున్న మంచు విడి ఎదుటి కొండ ఎన్నింటికి కనబడిందో ఒక పుస్తకంలో రాయించేవారు. పదో తరగతిలో ఆ పని నాది. ఒక శుక్రవారం జ్వరమొచ్చి ముసుగుతన్ని పడుకున్నాను. ఖాళీ వదిలితే తిడతారని మర్నాడు "ఏడున్నర" అని రాసేశాను. ఊరికే రాయలేదు, నాకూ ఆధారం ఉంది మరి. సంత రోజు మంచు తొందరగా విడుతుందని మా కొండ మీద చిన్నాపెద్దా అందరూ అనే మాటే.

ఆవిడ పుస్తకం చూసి కళ్ళజోడు తీశారు. "ఏటే గుంటా, ఇది నువ్వు సూసినావా?"

"నిన్న సంత కదండీ టీచర్. బేగి విడతాది కదా."

"మంది మాట పట్టుకుని మారుమనువు ఎల్లినట్టుంది నీ యవ్వారం. నిన్న పదకొండు దాకా కొండ అవుపడలేదు."

తిట్టలేదు. పక్కన కూర్చోబెట్టుకుని, సంత రోజు మా వాళ్ళు ఎన్నింటికి బయల్దేరతారో అడిగారు. తెల్లారకముందే, దారంతా మంచు చూసుకుంటూ నడుస్తారు, విడిన క్షణం కంటబడుతుంది. మిగతా రోజులు పనిలో పడి తలెత్తరు, ఎత్తేసరికి ఎండ ముదిరి ఉంటుంది. "మంచు మారలేదే, సూసినోళ్ళు మారినారు" అన్నారు. ఏడున్నర కొట్టేయించి, క్లాసందరి ముందూ "చూడలేదు" అని రాయించారు. సిగ్గుతో చచ్చిపోయాను. వారం రోజులు ఆవిడతో మాట్లాడలేదు. ఆ సంగతి ఆవిడ గమనించారని కూడా అనుకోను.

పెద్దయ్యాక నేను పరిశోధన చేసిందీ ఒక రకం మంచు మీదే. విశ్వం తొలినాళ్ళలో హైడ్రోజన్ వాయువు అంతటా మంచులా కమ్ముకుని ఉండేది. తొలి వెలుగుల్లోని అతినీలలోహిత కిరణాలు దాని పరమాణువుల్ని చీల్చి దారి తెరిచాయి. ఆ పని చేసింది చిన్నచిన్న గెలాక్సీల్లోని నక్షత్రాలా, లేక నడిమధ్య కృష్ణబిలం చుట్టూ వాయువు భగభగమండే క్రియాశీల గెలాక్సీలా అన్నది ఇంకా తేలని తగువు. క్రియాశీల గెలాక్సీల్లో బాగా వెలిగేవి మాకు కనబడ్డాయి. మసకవి కనబడలేదు. అవి ఇన్ని ఉంటాయిలే అని ఊహించి, దారి తెరిచిన ఘనతంతా క్రియాశీల గెలాక్సీలదేనని పేపరు రాశాను. మా బాస్‌కి తెగ నచ్చింది. నా కాంట్రాక్టు పొడిగింపు దాని మీదే ఆధారపడి ఉంది. పంపే ముందు మనసొప్పక టీచరుకి ఫోను చేశాను.

అంతా విని, "ఎంత సూసినావు?" అన్నారు.

"సగమేనండి. మిగతాది ఊహ."

"అయితే సగమే రాయి."

"ఉద్యోగం పోతుందేమో టీచర్."

"పోతే నాకు సెప్పు" అన్నారు.

సగమే రాశాను. క్రియాశీల గెలాక్సీల వాటా ఎంతో ఈ కొలతలతో చెప్పలేమని రాశాను. కాంట్రాక్టు పొడిగించలేదు. నెల తిరక్కుండా టీచరే ఫోను చేసి "ఉందా?" అనడిగారు. అప్పటికే ఆవిడ మంచం పట్టారు. తన మాట వల్లే పోయిందని కుమిలిపోతారని "ఉంది టీచర్" అన్నాను. "మంచిదే" అని ఎంత సంతోషపడ్డారో! మూడో నెలలో పోయారు. ఆవిడతో నేనాడిన రెండో అబద్ధం అది. మొదటిదాన్నైతే దిద్దడానికి ఆవిడ ఉన్నారు. తలుచుకుంటే ఇప్పటికీ ఏడుపొస్తుంది.

ఇప్పుడు విశాఖలో ఒక కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. "అంత మంచి పరిశోధన ఎందుకు మానేశారు మేడం?" అని పిల్లలు ఏటా అడుగుతారు. మా ఇంట్లో వాళ్ళు నేర్పిన గౌరవమైన జవాబులు రెండు మూడున్నాయి.

"మానలేదర్రా, తీసేశారు" అంటాను.